మార్చి ట్రిప్‌కి ఏ దేశం? ముందు వారం తేల్చుకోండి, దేశం సంగతి తర్వాత

మార్చిలోనో ఏప్రిల్ మొదటి వారంలోనో విదేశాలకి వెళ్దాం అనుకోగానే చాలామంది ముందు దేశం పేరు ఖాయం చేసేసుకుంటారు. జపాన్ వెళ్దాం, బాలీ వెళ్దాం, స్విట్జర్లాండ్ చూసొద్దాం అని. తర్వాత టికెట్ల సైట్ తెరిచి ఏ తేదీకి తక్కువుంటే ఆ తేదీకి బుక్ చేసేస్తారు. జూన్‌లోనో డిసెంబర్‌లోనో అయితే ఈ పద్ధతి పెద్దగా దెబ్బకొట్టదు. వసంతం మొదట్లో మాత్రం పది రోజులు అటూ ఇటూ అయితే అదే ఊరు ఇంకో ఊరిలా ఉంటుంది. మార్చి 10న టోక్యో పార్కుల్లో సాకురా (చెర్రీ పూల) చెట్లు చాలావరకు మోడులే, ఏప్రిల్ 1కి అవే చెట్ల కింద చాప పరవడానికి జాగా దొరకదు. గ్రీస్ దీవి సాంటోరినిలో మార్చి మొదట్లో దిగితే చాలా హోటళ్లకి ఇంకా తాళాలే ఉంటాయి.

అందుకే వరస తిరగేద్దాం. ముందు వారం, తర్వాత మీకేం కావాలో, ఆ తర్వాత కొట్టివేతలు, చివర్న దేశం.

1. మీకు నిజంగా దొరికే వారం ఏది?

క్యాలెండర్ ముందు పెట్టుకుని మూడు ముక్కలు చేయండి: మార్చి 1 నుంచి 12 దాకా, 13 నుంచి 22 దాకా, 23 నుంచి ఏప్రిల్ 7 దాకా. మీరు వెళ్లగలిగేది వీటిలో ఒక్క ముక్కలోనే అయి ఉంటుంది, ఎందుకంటే మన ఇళ్లలో మార్చి అంటే పరీక్షలు. ఇంటర్ పరీక్షలు మామూలుగా ఫిబ్రవరి నెలాఖరు, మార్చి మొదట్లో మొదలై మూడో వారం దాకా నడుస్తాయి, టెన్త్ వాళ్లవి మార్చి మధ్యలో మొదలై ఏప్రిల్ మొదటి రోజుల దాకా సాగుతాయి. ఇంట్లో టెన్తో ఇంటరో చదివే పిల్లలుంటే ఈ ఏడాదికి ఈ వ్యాసం పక్కన పెట్టి మే నెల ప్లాన్ చూసుకోండి. స్టేట్ సిలబస్ చిన్న పిల్లలకి ఒంటిపూట బడులు నడుస్తుంటాయి, వార్షిక పరీక్షలు ఏప్రిల్‌లో, కాబట్టి వాళ్లకీ కుదరదు. సీబీఎస్ఈ పిల్లలున్న ఇళ్లకి మాత్రం ఒక మంచి సందు ఉంది. చాలా స్కూళ్లు మార్చి మధ్యకల్లా పరీక్షలు అవగొట్టి ఏప్రిల్ మొదట్లో కొత్త క్లాసు మొదలుపెడతాయి, ఆ మధ్య వచ్చే వారం పది రోజులే ఈ సీజన్‌లో కుటుంబాలకి దొరికే అసలైన కిటికీ.

ఆఫీసు వైపు కూడా చూడాలి. బ్యాంకు, ఆడిట్, అకౌంట్స్ వాళ్లు మార్చి నెలాఖరున సెలవు మాట ఎత్తలేరు. ఇంకొన్ని కంపెనీల్లో మిగిలిన సెలవులు మార్చి 31 దాటితే పోతాయి. ఇంట్లో ఒకరు ఈ రకం, ఇంకొకరు ఆ రకం అయితే ముందు ఆ పంచాయితీ తేల్చుకోండి, లేకపోతే తర్వాత ఎంత రీసెర్చ్ చేసినా దండగే. ఉగాది ఎప్పుడొచ్చిందో కూడా చూడండి. మీకు పట్టింపు లేకపోయినా పెద్దవాళ్లు వెంట వస్తుంటే పండగ పూట హోటల్ రూమ్‌లో ఉండటానికి ఒప్పుకోకపోవచ్చు.

2. ఈ ట్రిప్‌లో మీకు కావాల్సింది ఒక్కటే రాయండి

ఒక్కటే. పూలా, మంచా, సముద్రమా, పాత కట్టడాలా, లేక హైదరాబాద్ ఎండ తప్పించుకుంటే చాలా. ఒక్కటే ఎందుకంటే వసంతం మొదట్లో కోరికలు ఒకదానికొకటి అడ్డం పడతాయి. స్విట్జర్లాండ్ దీనికి మంచి ఉదాహరణ. మన పాటల్లో చూసిన పచ్చటి కొండలు, వాటి మీద ఆవులు, ఇవన్నీ జూన్ తర్వాతి బొమ్మలు. మార్చిలో పైన మంచు, స్కీయింగ్ చేసేవాళ్లు, ఆ సీజన్ రేట్లు. కింద లోయల్లో గడ్డి ఇంకా పూర్తిగా పచ్చబడదు. ఫుర్కా, గ్రిమ్సెల్ లాంటి ఎత్తైన కనుమ రోడ్లు మంచుతో మూసేసి ఉంటాయి, జూన్ దాకా తెరవకపోవచ్చు. మీకు కావాల్సింది మంచు అయితే మార్చి మంచిదే, పైన మంచు కొండల్లో ఉన్న యుంగ్‌ఫ్రాయోహ్‌కి రైలు నడుస్తూనే ఉంటుంది. పచ్చదనం కావాలంటే మాత్రం ఆ డబ్బు అట్టే పెట్టుకోండి.

ఎండ తప్పించుకోవడమే కోరిక అయితే బ్యాంకాక్ జాబితాలో ఉండకూడదు. అక్కడా మార్చిలో 35 డిగ్రీల చుట్టూ ఉంటుంది, పైగా ఉక్క. ఈ మాట చెబితే జనం నమ్మరు, విదేశం అనగానే చల్లగా ఉంటుందని మనసులో ఎక్కడో ఉండిపోతుంది.

3. ఇప్పుడు కొట్టేయడం మొదలుపెట్టండి

మంచి చోట్లు వెతకడం కంటే పనికిరానివి కొట్టేయడం తేలిక. ముందు వాతావరణం. నెలవారీ సగటు చూసి ఊరుకోవద్దు, రాత్రి ఉష్ణోగ్రత, వాన పడే రోజులు, గాలి నాణ్యత కూడా చూడాలి.

గాలి నాణ్యతకి చియాంగ్ మాయ్ కంటే పెద్ద ఉదాహరణ లేదు. ఉత్తర థాయ్‌లాండ్‌లో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాల్లో పంట మోళ్లు, కొండల మీద అడవులు కాలుతుంటాయి, ఊరు చుట్టూ కొండలుండటంతో పొగ కదలదు. ప్రపంచంలో ఆ పూట గాలి అత్యంత చెడ్డగా ఉన్న నగరాల జాబితాలో మార్చి నెలలో చియాంగ్ మాయ్ పైకెక్కడం ఏటా జరిగేదే. డోయి సుథేప్ గుడి పైనుంచి ఊరు కనబడుతుందని ఫొటోలు చూసి వెళ్తారు, మార్చిలో కనబడేది బూడిదరంగు తెర. లావోస్‌లో లువాంగ్ ప్రబాంగ్‌దీ ఇదే కథ. అదే థాయ్‌లాండ్‌లో ఫుకెట్, క్రాబి వైపు అండమాన్ సముద్రం మార్చిలో ప్రశాంతంగా ఉంటుంది. కాబట్టి కొట్టేయాల్సింది దేశాన్ని కాదు, ఊరిని.

వియత్నాం కూడా అంతే. ఉత్తరాన హనోయ్‌లో మార్చి అంటే జల్లు, పొగమంచు, గోడలకి చెమ్మ పట్టే కాలం, హాలాంగ్ బే పడవ ఎక్కినా కొండలు సగమే కనబడొచ్చు. దక్షిణాన హోచిమిన్ సిటీ ఎండలు మనలాగే. మధ్యలో ఉన్న డా నాంగ్, హోయ్ ఆన్ మాత్రం ఫిబ్రవరి నుంచి మే దాకా పొడిగా, హాయిగా ఉంటాయి. దేశమంతా ఒకే ట్రిప్‌లో చుట్టబెట్టే ప్యాకేజీలు ఈ తేడాని మీకు చెప్పవు.

మిగతావి గబగబా. బాలీలో వానాకాలం మార్చి దాకా ఉంటుంది, ఏప్రిల్ నుంచి నయం. మారిషస్ తుఫానుల కాలం ఇంకా అయిపోదు. మాల్దీవులు, శ్రీలంక పడమర, దక్షిణ తీరాలు మార్చిలో బాగుంటాయి, మిరిస్సా దగ్గర తిమింగలాలు చూసే సీజన్ ఏప్రిల్ దాకా నడుస్తుంది. శ్రీలంక తూర్పు తీరంలోని ట్రింకోమలీ వైపు వెళ్లాలంటే మే తర్వాతే. ఈజిప్టులో ఈ నెలల్లో ఖంసీన్ అనే ఇసుక గాలి ఎప్పుడు లేస్తుందో తెలియదు. కెన్యా, టాంజానియాలో పెద్ద వానలు మార్చిలోనే మొదలవుతాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో అది వసంతం కాదు, శరదృతువు మొదలు, కానీ తిరగడానికి మాత్రం దివ్యంగా ఉంటుంది.

4. పండగలతో కొట్టివేత

దీన్ని చాలామంది వదిలేస్తారు, ఆ తర్వాత తలపట్టుకుంటారు. బాలీలో నైపీ అనే మౌనదినం ఉంది, వాళ్ల శక సంవత్సరాది. ఆ రోజు పొద్దున ఆరు నుంచి మర్నాడు ఆరు దాకా ఎయిర్‌పోర్ట్ మూసేస్తారు, రోడ్డు మీద ఎవరూ తిరగకూడదు, టూరిస్టులు కూడా హోటల్ గేటు దాటకూడదు, రాత్రి లైట్లు కూడా మసకే. 2025లో ఇది మార్చి 29న వచ్చింది, 2026లో మార్చి 19న, అంటే సరిగ్గా మన ఉగాది రోజే. మన శాలివాహన శకమే వాళ్లదీ కాబట్టి దగ్గర్లోనే వస్తుంది గానీ, అధికమాసం లెక్క వేరు కావడంతో ప్రతి ఏడూ కలవదు, తేదీ విడిగా చూసుకోవాల్సిందే. ముందురోజు సాయంత్రం ఓగో-ఓగో అని పెద్దపెద్ద రాక్షసి బొమ్మలు ఊరేగిస్తారు, అది చూడటానికే వెళ్లేవాళ్లూ ఉన్నారు. నాకైతే నాలుగు రోజుల ట్రిప్‌లో ఒక రోజు ఇలా పోతే నష్టమే, వారం పైన ఉంటే మాత్రం ఒక రోజు ఊరికే పడుకోవడం వరమే.

రంజాన్ ఏటా పదకొండు రోజుల దాకా ముందుకు జరుగుతుంది. 2026లో దాదాపు మార్చి 19 దాకా సాగింది, 2027లో మార్చి రెండో వారం మొదలయ్యేసరికి అయిపోతుంది. ఆ నెలలో ఒమన్, జోర్డాన్, ఈజిప్ట్ లాంటి చోట్ల పగలు చాలా భోజన హోటళ్లు మూతబడతాయి, సందర్శన వేళలు కుదిస్తారు. రాత్రిళ్లు మాత్రం బజార్లు కళకళలాడతాయి. చిన్నపిల్లలతోనో షుగర్ ఉన్న పెద్దవాళ్లతోనో వెళ్తుంటే మధ్యాహ్నం భోజనం టెన్షన్ వద్దనుకుని తేదీ జరుపుకోండి.

ఐరోపాలో ఈస్టర్. 2027లో అది మార్చి 28న వస్తుంది, 2028లో ఏప్రిల్ 16న. దాని ముందు వారం స్పెయిన్‌లోని సెవిల్‌లో ఊరేగింపులు, ఊపిరాడని జనం, హోటల్ రేట్లు ఆకాశంలో. ఆ వారానికి ముందుగా వెళ్తే అదే సెవిల్‌లో వీధుల వెంట నారింజ చెట్లు పూసి ఊరంతా ఆ వాసనే, పగలు 20 డిగ్రీల పైన, జనం తక్కువ. మార్చిలో ఐరోపా వెళ్తానంటే నేను ముందు చెప్పే పేరు ఇదే, పారిస్ కాదు. ఏప్రిల్ 13 నుంచి థాయ్‌లాండ్‌లో సోంగ్‌క్రాన్ అనే సంవత్సరాది పండగ, అదే రోజుల్లో శ్రీలంకలో సింహళ, తమిళ సంవత్సరాది. తిరుగు టికెట్ ఆ రోజుల్లోకి జరగకుండా చూసుకోండి.

5. పూల కోసమే వెళ్తుంటే

ఇక్కడ కొంచెం ఆగాలి, డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. టోక్యోలో యసుకుని గుడి ఆవరణలో ఒక నమూనా చెట్టు ఉంది. దాని మీద ఐదారు పూలు విచ్చుకుంటే జపాన్ వాతావరణ సంస్థ టోక్యోలో సాకురా మొదలైందని ప్రకటిస్తుంది. అక్కడి నుంచి వారానికి అటూ ఇటూగా చెట్టంతా పూస్తుంది, ఆ తర్వాత ఇంకో వారం నిలుస్తుంది. మధ్యలో గట్టి వానో గాలో వస్తే అంతకంటే ముందే రాలిపోతుంది. ఆ పూర్తిగా పూసిన తేదీలు చూడండి: 2023లో మార్చి 22, 2024లో ఏప్రిల్ 4, 2025లో మార్చి 30. మూడేళ్లలోనే దాదాపు రెండు వారాల తేడా. అంటే ఆరు నెలల ముందు బుక్ చేసి "27న పూలు చూస్తాం" అనుకోవడం లాటరీ టికెట్ కొన్నట్టే.

లాటరీ కాకుండా చేసుకునే దారి ఉంది. ఒకే ఊళ్లో వారం కూర్చోకుండా దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్లేలా ప్లాన్ చేయండి. ఫుకుఓకా, క్యోటో, టోక్యో కాస్త అటూ ఇటూగా మార్చి చివరి రోజుల్లో పూస్తాయి, కనజావా ఏప్రిల్ మొదట్లో, సెందాయ్ ఆ తర్వాత. టోక్యో నుంచి సెందాయ్‌కి షింకన్సెన్ బుల్లెట్ రైలులో గంటన్నర. టోక్యోలో రాలిపోయాయా, పొద్దున రైలెక్కి అక్కడికి. ఇంకా రాలేదా, దక్షిణానికి. అందుకే హోటళ్లు ఉచితంగా రద్దు చేసుకునే రకం తీసుకోవాలి. మీ వారం మార్చి మొదట్లోనే ఉంటే ఇజు ద్వీపకల్పంలో కవాజు అనే చోట ముందుగా పూసే రకం ఉంది, ఫిబ్రవరి నుంచి మార్చి మొదటి రోజుల దాకా. టోక్యో అంత హంగామా ఉండదు గానీ రంగు ఇంకా చిక్కగా ఉంటుంది. ఇంకో మాట, మార్చి చివర్లో టోక్యో రాత్రి ఏడెనిమిది డిగ్రీలకి దిగుతుంది. పూల ఫొటో కోసం పల్చటి చీరలే సర్దుకుని వెళ్తే వణుకుతారు.

నెదర్లాండ్స్‌లో లిస్సే దగ్గరున్న కోకెన్‌హాఫ్ తోట మార్చి మూడో వారంలో తెరిచి మే రెండో వారం దాకా ఉంచుతారు. తెరిచారు కదా అని మార్చిలో వెళ్తే లోపలి మండపాల్లో తులిప్‌లు ఉంటాయి గానీ, బయట ఎక్కువగా డాఫోడిల్స్, హయసింత్‌లే. రంగురంగుల చారల పొలాలు కావాలంటే ఏప్రిల్ మధ్యలో వెళ్లాలి.

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు మన దగ్గర ఇంటికొకరు. వర్జీనియా, మేరీలాండ్ వైపు ఉంటే వాషింగ్టన్ టైడల్ బేసిన్ చెర్రీ పూలు సరిగ్గా ఈ సీజన్‌లోనే. ఆ చెట్లు 1912లో టోక్యో నగరం కానుకగా ఇచ్చినవి. అక్కడ కూడా తేదీ నిలకడగా ఉండదు, 2024లో మార్చి 17కే పూర్తిగా పూశాయి, 2025లో మార్చి 28న. కానీ పిల్లల ఇంట్లోనే నెలల తరబడి ఉండేవాళ్లకి ఆ టెన్షన్ ఏముంది, పూసిన రోజు వెళ్లి చూసి వస్తారు. టికెట్ మార్చి మొదటి వారానికి తీసుకుంటే చాలు.

ఖర్చు తక్కువలో పూలు కావాలంటే నేపాల్. మార్చి మధ్య నుంచి ఏప్రిల్ దాకా ఘోరెపానీ, పూన్ హిల్ దారిలో లాలీ గురాస్ చెట్లు, అంటే రోడోడెండ్రాన్లు, అడవంతా ఎర్రగా పూస్తాయి. వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టో ఓటరు కార్డో చాలు. నడవాలి, మెట్లు ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కాదు. ఏప్రిల్ ముదిరేకొద్దీ మసక పెరుగుతుంది కాబట్టి కొండలు స్పష్టంగా కనబడాలంటే మార్చి చివరే మేలు.

6. వీసా కూడా ఒక జల్లెడే

చేతిలో ఎన్ని వారాలున్నాయో లెక్కేయండి. మూడు వారాలే ఉంటే షెంజెన్ మాట, అంటే ఐరోపాలో చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా మాట మర్చిపోండి. దానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, నిబంధన ప్రకారం కనీసం 15 రోజుల ముందు చేయాలి, కానీ అపాయింట్‌మెంట్ దొరకడమే అసలు సమస్య. మార్చి ట్రిప్‌కి డిసెంబర్‌లోనే కదలండి. పెద్దలకి ఫీజు 90 యూరోలు, 30,000 యూరోల కవర్ ఉన్న ఇన్సూరెన్స్ తప్పనిసరి, ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు. అమెరికా వీసా చేతిలో లేని పెద్దవాళ్లని ఈ మార్చికే తీసుకెళ్దాం అనుకోవద్దు. వియత్నాం, ఉజ్బెకిస్తాన్‌లకి ఈ-వీసా ఉంది, మాల్దీవులకి ముందుగా తీసుకోనక్కర్లేదు. థాయ్‌లాండ్, మలేషియా లాంటి చోట్ల నియమాలు తరచూ మారుతుంటాయి, బుక్ చేసే రోజున ఆ దేశ ఎంబసీ సైట్‌లోనే చూడండి, రెండేళ్ల నాటి వీడియో చూసి నమ్మొద్దు.

మన వాళ్ల దగ్గర ఇంకో చిక్కు ఉంది. చాలామంది పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, పేరంతా ఒకే గడిలో ఉంటుంది, లేదా ఇంటిపేరు టికెట్‌లో ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా. ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరసల అక్షరాలు ఉంటాయి చూడండి, ఈ-వీసా ఫారంలోనూ టికెట్‌లోనూ పేరు దానికి సరిపోవాలి. ఒకే పదం పేరున్న పాస్‌పోర్టులకి యూఏఈ 2022 చివర్లో విజిట్ వీసా విషయంలో అడ్డు పెట్టింది, దుబాయ్ అనుకునేవాళ్లు ముందుగా ఇది చూసుకోవాలి. గడువు మాత్రం తిరిగొచ్చే తేదీ తర్వాత ఆరు నెలలు ఉండేలా చూసుకుంటే దాదాపు ఎక్కడా ఇబ్బంది ఉండదు.

7. ఒక ఇంటి లెక్క చూద్దాం

భార్యాభర్తలు, అరవై దాటిన అత్తమామలు. అత్తగారు శాకాహారి. సెలవు మార్చి 24 నుంచి ఏప్రిల్ 1. కోరిక: పాత కట్టడాలు చూడాలి, ఎక్కువ నడక ఉండకూడదు. నెలన్నర టైముంది, బడ్జెట్ మధ్యస్థం.

షెంజెన్ టైము చాలదు, కొట్టేయండి. సాకురా వారంలో జపాన్ హోటల్ రేట్లు చూశాక అదీ పోతుంది, పైగా అక్కడ నడక, స్టేషన్ మెట్లు చాలా ఎక్కువ. జోర్డాన్‌కి ఇది మంచి సీజనే గానీ, అక్కడి పాత రాతి నగరం పెట్రా అంటే కొన్ని కిలోమీటర్ల నడక. మిగిలినవి రెండు, వియత్నాంలో హోయ్ ఆన్, ఉజ్బెకిస్తాన్‌లో సమర్కండ్.

సమర్కండ్‌లో మార్చి 21న వచ్చే వాళ్ల సంవత్సరాది నవ్‌రోజ్ అయిపోయి ఊరు ఇంకా పండగ కళలోనే ఉంటుంది. మొలకెత్తిన గోధుమల్ని పెద్ద గుండిగల్లో రాత్రంతా కలుపుతూ వండే సుమలక్ అనే తీపి ఆ రోజుల్లోనే దొరుకుతుంది. పగలు 15 డిగ్రీల చుట్టూ, రాత్రి స్వెట్టర్ చలి. తాష్కెంట్ నుంచి అఫ్రోసియాబ్ రైలు రెండు గంటల పైచిలుకు, పాత మదరసాలున్న రెగిస్తాన్ చదునైన మైదానం, పెద్దవాళ్లకి కష్టం లేదు. చిక్కల్లా తిండి. పలావ్‌లో మాంసం, కొవ్వు తప్పవు. రొట్టె, సలాడ్, వసంతంలో ఆకుకూర పెట్టి చేసే సంసా (మన సమోసా లాంటిది), పెరుగుతో అత్తగారు రెండు రోజులు లాగిస్తారు, మూడో రోజు నుంచి గొడవే.

హోయ్ ఆన్ వైపు బౌద్ధుల వల్ల శాకాహార హోటళ్లు బాగానే ఉన్నాయి, బోర్డు మీద చాయ్ అని ఉంటుంది, మామూలు హోటల్లో మాత్రం చేపల సాస్ వేయొద్దని చెప్పి తీరాలి. దగ్గర్లోనే మీ సన్ ఉంది, చాం రాజులు కట్టిన ఇటుక శివాలయాలు. 2020లో మన పురావస్తు శాఖ వాళ్లు అక్కడ పని చేస్తుండగా ఒకే రాతితో చెక్కిన శివలింగం బయటపడింది. మావగారికి ఇంతకంటే ఏం కావాలి? ఈ ఇంటికి నా ఓటు హోయ్ ఆన్‌కే. అందరూ మాంసాహారులై, చలి తట్టుకోగలిగితే మాత్రం సమర్కండ్.

8. బుకింగ్ వరస

ముందు ఉచితంగా రద్దయ్యే హోటల్, తర్వాత వీసా, తర్వాత ఫ్లైట్. ఈ-వీసా దేశాలకి ఫ్లైట్ ముందే కొన్నా పెద్ద రిస్క్ లేదు, పాస్‌పోర్టులో అంటించే స్టిక్కర్ వీసా దేశాలకి మాత్రం వీసా వచ్చేదాకా డబ్బు వెనక్కి రాని టికెట్ కొనొద్దు. ప్యాకేజీ తీసుకుంటే టీసీఎస్ అనే పన్ను ముందే కోస్తారు, అది పోయినట్టు కాదు, ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు, రసీదు దాచండి. విదేశాల్లో క్రెడిట్ కార్డు గీకితే అదనంగా వేసే మార్కప్ ఎంతో బ్యాంకుని అడగండి, చాలా కార్డులకి 3.5 శాతం దాకా ఉంటుంది. నలుగురి హోటల్ బిల్లు మీద అది చిన్న మొత్తం కాదు.

ఐరోపా, అమెరికా వెళ్లేవాళ్లకి గడియారం సంగతి కూడా ఉంది. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, ఐరోపాలో మార్చి చివరి ఆదివారం గంట ముందుకి జరుపుతారు. ఆ తర్వాత పారిస్‌లో రాత్రి ఎనిమిది దాటినా వెలుతురు ఉంటుంది, తిరగడానికి రోజుకి గంట ఎక్కువ దొరికినట్టే, కాబట్టి మీ వారం అటూ ఇటూ జరిపే వీలుంటే ఆ ఆదివారం తర్వాతే పెట్టుకోండి. సరిగ్గా ఆ ఆదివారం పొద్దున్నే రైలో టూరో ఉన్నవాళ్లు ఫోన్‌లో టైమే నమ్మండి, చేతి వాచీ గంట వెనకే ఉంటుంది.